వెస్టిండీస్ ఒకే దేశంగా నిలిచి ఉంటే?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. కిందటి సంచికలో 1983 లార్డ్స్ ఫైనల్ గురించి రాస్తూ, వెస్టిండీస్ అనేది ఒకప్పుడు నాలుగేళ్లకు పైగా నిజంగానే ఒక సమాఖ్యగా ఉండేదని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం పట్టుకుని చాలామంది అడిగారు. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పిన నాకు, మనసుకు బాగా దగ్గరైన అధ్యాయం ఇది. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే.

సర్, ఇండియా ఒక దేశం, ఆస్ట్రేలియా ఒక దేశం. మరి వెస్టిండీస్ ఏ దేశం? అట్లాస్‌లో వెతికితే దొరకలేదు.
— ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని

దొరకదమ్మా. ఇప్పుడు ఆ పేరుతో దేశం లేదు. 1958 జనవరి 3న బ్రిటన్ కింద ఉన్న పది కరీబియన్ వలస ప్రాంతాలు కలిసి ‘వెస్టిండీస్ ఫెడరేషన్’ అయ్యాయి. జమైకా, ట్రినిడాడ్-టొబాగో, బార్బడోస్, ఆంటిగ్వా, డొమినికా, గ్రెనడా, మాంట్సెరాట్, సెయింట్ కిట్స్-నెవిస్-ఆంగ్విలా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్. బార్బడోస్‌కు చెందిన గ్రాంట్లీ ఆడమ్స్ ప్రధానమంత్రి. 45 మంది సభ్యుల పార్లమెంటు, నీలం మీద తెల్లని అలలు, మధ్యలో బంగారు రంగు సూర్యుడు ఉన్న జెండా, అన్నీ వచ్చాయి. పూర్తి స్వాతంత్ర్యం రావాల్సిన తేదీ కూడా ఖాయం చేశారు: 1962 మే 31. చివరికి సరిగ్గా ఆ రోజునే సమాఖ్యను రద్దు చేశారు. పుట్టినరోజుకు పెట్టుకున్న ముహూర్తమే చావు రోజయింది.

క్రికెట్ జట్టు మాత్రం సమాఖ్య కంటే ముందే ఉంది, సమాఖ్య పోయాకా ఉంది. వాళ్ల మొదటి టెస్టు 1928లో. 1983 ఫైనల్లో మన కపిల్ సేన ఓడించిన పదకొండు మందిని ఒకసారి లెక్కపెట్టు. గ్రీనిడ్జ్, హేన్స్, మార్షల్, గార్నర్ బార్బడోస్. రిచర్డ్స్, రాబర్ట్స్ ఆంటిగ్వా. హోల్డింగ్, డుజాన్ జమైకా. గోమ్స్ ట్రినిడాడ్. బక్కస్, కెప్టెన్ లాయిడ్ గయానా. ఆ రోజుకు ఆ అయిదూ అయిదు వేర్వేరు స్వతంత్ర దేశాలు. గయానా అయితే సమాఖ్యలో ఎప్పుడూ చేరనే లేదు. అయినా ఆ దేశపు మనిషే అందరికీ కెప్టెన్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1962 మార్చిలో మన జట్టు అక్కడ పర్యటిస్తుండగా, బార్బడోస్‌తో జరిగిన మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి పుర్రె చిట్లింది. ఆపరేషన్‌కు రక్తం కావాల్సి వస్తే ముందుగా ఇచ్చినవాడు వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్. నాకప్పుడు పదకొండేళ్లు. మా నాన్నగారు పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ ఆ వార్త దగ్గర ఆగి, ఇంకోసారి గట్టిగా చదివి వినిపించారు. ఆయన గొంతు ఇప్పటికీ గుర్తుంది. ఆ వారంలో వారెల్ ఏ దేశం పేరుతో ఆడుతున్నాడో ఆ సమాఖ్య కొన ఊపిరితో ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత, ఎం.ఏ. చదువుతున్నప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఈ కథ నన్ను వదల్లేదు.

జమైకా విడిపోవడం వల్లే సమాఖ్య కూలిందంటారు. జమైకా ఉండిపోయి ఉంటే ఏమయ్యేది?
— బ్యాంకు ఉద్యోగి

ముందు అంకెలు చూడండి. 1961 సెప్టెంబర్ 19న జమైకాలో రెఫరెండం జరిగింది. సమాఖ్యలో ఉందామన్నవాళ్లు 2,17,319. వద్దన్నవాళ్లు 2,56,261. తేడా 38,942. అంటే ఇరవై వేల మంది కూడా అక్కర్లేదు, అటు ఓటేసినవాళ్లలో 19,472 మంది ఇటు వేసి ఉంటే చాలు. కింగ్‌స్టన్ నగరం ఉందామనే అంది. పల్లెలు వద్దన్నాయి. ఒక దేశం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఇంతే. ఫలితం వచ్చాక ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్, పదిలోంచి ఒకటి తీస్తే మిగిలేది సున్నా అన్నాడు. అన్నట్టే తన దేశాన్నీ బయటికి తీసుకుపోయాడు. జమైకా 1962 ఆగస్టు 6న, ట్రినిడాడ్ ఆగస్టు 31న విడివిడిగా స్వతంత్ర దేశాలయ్యాయి.

ఇప్పుడు ఆ ఇరవై వేల మంది మనసు మారిందనుకుందాం. 1962 మే 31 అర్ధరాత్రి ఆ జెండా ఎగిరిందనుకుందాం. తర్వాత?

నాకు కనపడే మొదటి గండం పన్ను. సమాఖ్యకు మొదటి అయిదేళ్లు ఆదాయపు పన్ను వేసే అధికారం లేదు. ఏడాదికి సుమారు 91 లక్షల వెస్టిండీస్ డాలర్లు, అదీ దీవులు తలా కొంత ఇస్తేనే. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా జమైకా, ట్రినిడాడ్‌లదే. ఆ గడువు 1963 మొదట్లో తీరిపోతుంది. అప్పుడు పాత తేదీల నుంచి కూడా పన్ను వేయొచ్చని ప్రధాని ఆడమ్స్ 1958లోనే నోరు జారాడు. జమైకా మండిపడింది. పైగా డబ్బు కూడా ఒకటి కాదు. జమైకాలో పౌండ్లు, తూర్పు దీవుల్లో డాలర్లు. స్వతంత్ర దేశంగా మొదటి బడ్జెట్ పెట్టిన రోజే కొట్లాట మొదలయ్యేది.

రెండో గండం జనం రాకపోకలు. 1962 జులై 1 నుంచి బ్రిటన్ తన కామన్వెల్త్ వలస చట్టాన్ని అమల్లోకి తెచ్చి కరీబియన్ జనానికి తలుపులు సగం మూసేసింది. అంతకు ముందు పదేళ్లుగా ఓడలెక్కి లండన్, బర్మింగ్‌హామ్ వెళ్లిన జనం ఇక ఎక్కడికి పోవాలి? సొంత సమాఖ్యలోనే, పని దొరికే ట్రినిడాడ్‌కు. గ్రెనడా నుంచి, సెయింట్ విన్సెంట్ నుంచి పడవలు నిండుగా వస్తాయని ట్రినిడాడ్ వాళ్లకు అప్పటికే భయం. ఆ భయం నిజమయ్యేది.

మూడోది 1973 చమురు సంక్షోభం. ట్రినిడాడ్‌కు చమురు ఉంది కాబట్టి అది చూస్తుండగానే సంపన్నమైంది. జమైకా చమురు కొనుక్కోవాలి కాబట్టి అప్పుల్లో కూరుకుపోయింది. ఒకే ఖజానా ఉంటే ఆ డబ్బు ఎవరిది అన్న ప్రశ్న దగ్గర, గట్టి కేంద్రం కావాలన్న విలియమ్స్ తనే గట్టి కేంద్రాన్ని వద్దనేవాడని నా నమ్మకం.

కాబట్టి నా సమాధానం ఇది. జమైకా ఉండిపోయినా, అప్పుడు రాసుకున్న రాజ్యాంగంతో ఆ దేశం 1975 దాటేది కాదు. బిగించి కట్టిన సమాఖ్యగా కాక, వదులుగా ఉండే కూటమిగా మారి ఉంటే మాత్రం ఈనాటికీ ఉండేది. ఎవరి పన్ను వాళ్లది, ఎవరి పోలీసు వాళ్లది. ఓడలు, కోర్టు, యూనివర్సిటీ, పాస్‌పోర్టు, ఆట మాత్రం అందరివీ. నేను మనసులో ఊహించుకునే వెస్టిండీస్ అదే.

అలా ఉండి ఉంటే ఒక్క లాభం ఖాయంగా చెప్పగలను. 1979లో గ్రెనడాలో విప్లవం వచ్చింది. 1983 అక్టోబర్‌లో అక్కడి నాయకుడు మారిస్ బిషప్‌ను సొంతవాళ్లే కాల్చేశారు. వారం తిరగకుండా అక్టోబర్ 25న అమెరికా సైన్యం దిగింది. లక్ష మంది ఉన్న దీవి ఒంటరిది కాబట్టి అంత సులువుగా జరిగిపోయింది. నలభై లక్షల జనమున్న దేశంలో అది ఒక భాగమై ఉంటే, ఆ గొడవ ఇంటి గొడవగా ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనో జమైకాలోని కింగ్‌స్టన్‌లోనో తేలేది.

మాన్లీ, బస్టమాంటే దాయాదులట కదా? ఇదంతా ఇంటి తగాదాయేనా?
— గృహిణి

జమైకా నాయకులు నార్మన్ మాన్లీ, అలెగ్జాండర్ బస్టమాంటే దగ్గరి చుట్టాలే, కజిన్లు. ఒకరు పేరున్న లాయరు, ఇంకొకరు కార్మిక నాయకుడు. అయినా దీన్ని ఇంటి తగాదా అనలేనమ్మా. బస్టమాంటే మొదట్లో సమాఖ్యను కాదన్నవాడు కాదు. గాలి ఎటు వీస్తోందో చూసి 1960లో తిరిగాడు. జమైకా ప్రభుత్వాన్ని నడుపుతున్న మాన్లీ అప్పుడు శాసనసభలో తన మెజారిటీతో పని కానిచ్చేయొచ్చు. కానీ జనాన్నే అడుగుతానని రెఫరెండం పెట్టాడు, ఓడిపోయాడు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఎన్నికలూ ఓడిపోయాడు. స్వతంత్ర జమైకాకు తొలి ప్రధాని బస్టమాంటే అయ్యాడు. నన్నడిగితే మాన్లీ చేసిన తప్పు రెఫరెండం కాదు, 1958లో ఫెడరల్ ఎన్నికల్లో తను నిలబడకపోవడం. ఆయనా నిలబడలేదు, విలియమ్స్ కూడా నిలబడలేదు, బస్టమాంటే కూడా నిలబడలేదు. ముగ్గురు పెద్దలూ సొంత దీవిలోనే ఉండిపోతే, కేంద్రంలో ఏముందని జనం నమ్ముతారు?

మన దేశంలో అయిదొందలకు పైగా సంస్థానాలు కలిశాయి. పది దీవులు ఎందుకు కలవలేకపోయాయి?
— డిగ్రీ విద్యార్థి

మన సంస్థానాల మధ్య రైలు ఉంది బాబూ. వాళ్ల మధ్య సముద్రం ఉంది. కింగ్‌స్టన్ నుంచి పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు 1,800 కిలోమీటర్లకు పైనే. జమైకా పల్లెలో రైతు తన జన్మలో ఒక్క ట్రినిడాడ్ మనిషినైనా చూసి ఉండడు. మనకు స్వాతంత్ర్య పోరాటం అందరిదీ ఒకటే. అక్కడ ఒక్కో దీవి తరాల తరబడి పక్క దీవితో మాట్లాడకుండా నేరుగా లండన్‌తోనే మాట్లాడింది. ఖజానా వేరు, చట్టసభ వేరు.

ఇది నాకు పుస్తకాల కంటే బాగా ఒక స్టాంపు చెప్పింది. కాలేజీ రోజుల్లో ఒక మిత్రుడికి మూడు సిలోన్ స్టాంపులిచ్చి బదులుగా తీసుకున్నాను. 1958లో సమాఖ్య ప్రారంభానికి వేసింది, పచ్చ రంగుది. కరీబియన్ పటం, ఎలిజబెత్ రాణి బొమ్మ. భూతద్దం పెట్టి చూస్తే దీవులు వంపు తిరిగి, తెగిన గొలుసులో పూసల్లా ఉంటాయి. దాని మీద దేశం పేరు గ్రెనడా. అదే బొమ్మతో జమైకా వేరే స్టాంపు వేసింది, బార్బడోస్ వేరేది, ఇలా పది ప్రాంతాలూ ఎవరి పేరుతో వాళ్లు, తలా మూడు. ‘మనమంతా ఒకటయ్యాం’ అని చెప్పడానికి ముప్పై రకాల స్టాంపులు కావాల్సి వచ్చాయి! ఆ స్టాంపు చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

లెక్కల్లో కూడా మెలిక ఉంది. విస్తీర్ణంలోనూ జనాభాలోనూ సగానికి పైగా జమైకాదే. పార్లమెంటులో 45 సీట్లలో దానికిచ్చినవి 17. చిన్న దీవులకేమో పెద్దన్న మింగేస్తాడని భయం, పెద్దన్నకేమో తమ్ముళ్లను మోయాలని బాధ.

రాజధాని ఏ ఊరు?
— పదో తరగతి విద్యార్థి

ట్రినిడాడ్‌లో చాగ్వరామస్ అనే చోటును ఎంపిక చేశారు. కానీ అక్కడ అమెరికా నౌకాదళం కూర్చుని ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, బ్రిటన్ యాభై పాత యుద్ధనౌకలు తీసుకుని తన వలసల్లో స్థావరాలు 99 ఏళ్లకు లీజుకిచ్చింది. సొంత రాజధాని కట్టుకోవాల్సిన నేల ఖాళీ చేయమని 1960 ఏప్రిల్‌లో విలియమ్స్ వానలో తడుస్తూ వేల మందితో ఊరేగింపు తీశాడు. పని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచే నడిచింది. ఆ నేల చేతికొచ్చేసరికి దేశం లేదు.

గయానా, ట్రినిడాడ్‌లలో మనవాళ్లు చాలామంది ఉన్నారంటారు. సమాఖ్యలో వాళ్ల సంగతేంటి?
— రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. చెరకు తోటల్లో పనికి 1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ గయానాకు సుమారు 2,39,000 మందిని, ట్రినిడాడ్‌కు సుమారు 1,44,000 మందిని మన దేశం నుంచి కాంట్రాక్టు కూలీలుగా తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఓడెక్కిన భోజ్‌పురి ప్రాంతంవాళ్లు. కొంతమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు. గయానాలో వీళ్ల సంతతిని ఇప్పటికీ ‘మద్రాసీ’లంటారు. వాళ్లు కాళీమాయి పూజ చేస్తారు. భాష పోయింది, అమ్మవారు మిగిలింది.

1960 నాటికి గయానాలో దాదాపు సగం మంది, ట్రినిడాడ్‌లో మూడో వంతుకు పైగా భారత సంతతివాళ్లే. కానీ పది దీవులూ కలిపి చూస్తే పది మందిలో ఒకరు. సొంతచోట సగం ఉన్నవాడు పదోవంతు ఉన్న దేశంలో చేరాలంటే భయం సహజం. గయానా చేరకపోవడానికి ఆ భయం ఒక పెద్ద కారణం.

ఇక్కడే నా ఊహ ఇంకో దారి పడుతుంది. గయానా విస్తీర్ణం సుమారు 2,15,000 చదరపు కిలోమీటర్లు. పది దీవులూ కలిపితే 20,000 లోపు. గయానా చేరి ఉంటే దీవుల్లో చోటు లేని జనానికి నేల దొరికేది. భారత సంతతి కూడా మొత్తం మీద ఆరుగురిలో ఒకరయ్యేది, అంటే ఏ ప్రభుత్వమైనా లెక్కలోకి తీసుకోవాల్సిన బలం. విడిగా ఉండిపోయిన గయానాలో ఏమైంది? 1960ల మొదట్లో నల్లవాళ్లకూ మనవాళ్లకూ మధ్య రక్తపాతం జరిగింది. ఊళ్లు రెండుగా చీలిపోయాయి. ఇద్దరే ఎదురెదురుగా నిలబడ్డ చోట పట్టుదల పెరుగుతుంది. పది రకాల జనం మధ్య ఉండి ఉంటే ఆ పగ అంత దూరం పోయేది కాదని నాకనిపిస్తుంది. కాదనేవాళ్లూ ఉన్నారు. ట్రినిడాడ్ నేల మీద అంత గొడవ జరగలేదన్నది మాత్రం నా వైపు సాక్ష్యం.

మీరు చెప్పే ఆ వదులైన కూటమి ఇప్పుడు సాధ్యమా?
— ఇద్దరు, ముగ్గురు పాఠకులు

కొంత ఉంది. చూడాల్సిందల్లా, సమాఖ్య పోయాక ఏవి మిగిలాయన్నది. 1961లో కెనడా ఆ సమాఖ్యకు రెండు ఓడలు బహుమతిగా ఇచ్చింది, ఒకటి ‘ఫెడరల్ మేపుల్’, ఇంకొకటి ‘ఫెడరల్ పామ్’. మొదటిది కెనడా చెట్టు, రెండోది వీళ్ల చెట్టు. దేశం మాయమైంది కానీ ఆ ఓడలు ఆ పేర్లతోనే మరో పదేళ్లు దీవుల మధ్య జనాన్నీ సరుకునీ మోశాయి. 1948లో జమైకాలోని మోనాలో 33 మంది వైద్య విద్యార్థులతో మొదలైన యూనివర్సిటీ ఇప్పటికీ అందరిదీ. సెయింట్ లూసియాలో పుట్టి తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థర్ లూయిస్ దానికి అధిపతిగా ఉంటూనే, జమైకా, ట్రినిడాడ్ పోగా మిగిలిన ఎనిమిదింటినైనా కలపాలని దీవి దీవికీ తిరిగాడు. కుదరలేదు. జట్టు సరేసరి. మనిషీ మనిషీ కలిసే పని ఉన్నవన్నీ నిలబడ్డాయి. ఆఫీసులో కాగితం మీద కలిపినవి పోయాయి. అందుకే ఆ పెద్దలు పార్లమెంటుతో కాక ఓడలతో మొదలుపెట్టి ఉండాల్సిందని నా క్లాసులో ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ణి.

1973 జులై 4న ‘కారికామ్’ అనే కరీబియన్ దేశాల కూటమి ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఎక్కడో తెలుసా, రాజధాని కావాల్సిన ఆ చాగ్వరామస్‌లోనే. దాని కేంద్ర కార్యాలయం సమాఖ్యలో చేరని గయానాలో ఉంది. తూర్పు దీవులకు ఉమ్మడి డాలరు ఉంది, 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70 చొప్పున కదలకుండా. 2005లో ఉమ్మడి కోర్టు కూడా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పెట్టారు. కానీ ఆ కోర్టుకు చోటిచ్చిన ట్రినిడాడ్ తన చివరి అప్పీళ్లను ఇప్పటికీ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కే పంపుతోంది. నాకు మింగుడుపడని విషయం ఇదొక్కటే.

సమాఖ్య ఆలోచనకు రూపం వచ్చింది 1947లో జమైకాలోని మాంటెగో బే సమావేశంలో. 2025 జులైలో కారికామ్ నాయకులు మళ్లీ అదే ఊళ్లో కూర్చున్నారు. ఆ అక్టోబర్ 1 నుంచి బార్బడోస్, బెలీజ్, డొమినికా, సెయింట్ విన్సెంట్ జనం ఒకరి దేశంలో ఒకరు వర్క్ పర్మిట్ లేకుండా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పిల్లల్ని బడిలో వేయొచ్చు. నాలుగే దేశాలు. అందులో బెలీజ్, అప్పటి బ్రిటిష్ హోండురాస్, ఆ సమాఖ్యకు దూరంగా ఉండిపోయిన ప్రాంతం. ఆ వార్త చదివిన రోజు నా పచ్చ స్టాంపు బయటికి తీసి, పటం మీద సెయింట్ విన్సెంట్ నుంచి బార్బడోస్‌కు వేలితో గీత గీశాను. నా గోరంత దూరం కూడా లేదు.